ఎన్లార్జర్ లేని చీకటిగది

తల వంచి దిగండి. రోచెస్టర్‌లో ఈ వయసు ఇళ్ళకు బేస్‌మెంట్ మెట్లు ఇరుకు, మూడో మెట్టు దగ్గర దూలం నుదుటికి తగులుతుంది. బయట పొద్దుటి నుంచీ మంచు కురుస్తూనే ఉంది. ఫర్నేసు ఉన్న వైపు వెచ్చగా ఉంటుంది గానీ మనం వెళ్ళేది అటు కాదు, ఆ చివరి మూలకు. అక్కడ గోడ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. ఆ చలి ఇవాళ మన పనికి కావాలి. నల్ల తెర పక్కకి జరుపుకుని లోపలికి వచ్చి, వెనక మళ్ళీ దగ్గరికి లాగేయండి.

చీకటిగది అనగానే మీరు ఎర్రటి మసక వెలుతురు ఊహించుకుని ఉంటారు. ఇక్కడ అంత మసకేం లేదు. గోడకున్న సేఫ్‌లైట్ పసుపూ నారింజా కలిసిన రంగులో నిబ్బరంగా వెలుగుతోంది. ఓ నిమిషం నిలబడితే బల్ల మీది నోటుపుస్తకంలో నేను రాసుకున్న అంకెలు చదవగలరు. మనం వాడబోయే కాగితానికి పసుపు రంగు ఆనదు. దానికి తెలిసినవి నీలం, ఊదా, ఆ తర్వాత మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి.

ఇంకొకటి గమనించారా? నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్లార్జర్ లేదు. బల్లకు మూడడుగుల ఎత్తున, పై దూలం నుంచి వైరుకు ఒక బల్బు వేలాడుతోంది. లోపల తీగ వేడెక్కి వెలిగే పాత రకం, వంద వాట్లది. దాని కింద చెక్క ఫ్రేము. ముందువైపు మందపాటి అద్దం, వెనక రెండు ముక్కలుగా తెరుచుకునే చెక్క, దాన్ని నొక్కి పట్టే ఇత్తడి స్ప్రింగులు. ప్రింటు వెయ్యడానికి ఈ గదిలో ఉన్న సరంజామా మొత్తం ఇదే.

మా మేనల్లుడు మనకన్నా ముందే వచ్చి ట్రేలు సర్దాడు. ఇక్కడే ఆర్‌ఐటీలో, అంటే రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, ఇమేజింగ్ సైన్స్ చదువుతున్నాడు. వారమంతా సెన్సర్లతో, కోడ్‌తో గడుపుతాడు, సెలవు దొరికితే నా బేస్‌మెంట్‌లో తేలతాడు.

"మావయ్యా, అమిడాల్ కలిపెయ్యనా?"

"నెగటివ్ ఫ్రేములో పెట్టాక కలుపుదువుగాని లేరా. కలిపిన దగ్గర నుంచీ దాని బలం తగ్గిపోతూ ఉంటుంది. గ్లౌజులు వేసుకున్నావా?"

వేసుకున్నాడు. ఆ విషయంలో నేను రాజీ పడను. అమిడాల్ మంచి డెవలపర్ అన్నది ఎంత నిజమో, గోళ్ళలోకి దిగి నల్లగా మార్చేస్తుందన్నదీ అంతే నిజం. ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ గోళ్ళు అలాగే నల్లబడి ఉండేవి.

ఈ నెగటివ్ ఓసారి అంచులు పట్టుకుని దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవు. ఊరి నడిబొడ్డున జెనెసీ నది దూకే హై ఫాల్స్, కిందటి చలికాలంలో తీసింది. నెగటివ్ కాబట్టి అంతా తలకిందులు: గడ్డకట్టిన మంచు దట్టమైన నలుపు, పక్కనున్న రాతిగోడ దాదాపు గాజులా స్వచ్ఛం. మామూలు ఎన్లార్జింగ్ కాగితానికి ఇంత తేడా మింగుడుపడదు. మంచులో వివరం తెద్దామంటే రాయి మూసుకుపోతుంది, రాయిని కాపాడదామంటే మంచు వట్టి తెల్లకాగితం అయిపోతుంది. ఈ ఫిల్మును కావాలనే మామూలుకంటే ఎక్కువసేపు డెవలపర్‌లో కడిగాను. ఇది సిల్వర్ క్లోరైడ్ కాగితం కోసమే తయారైన నెగటివ్.

ఇప్పుడు ఆ పసుపు అట్టపెట్టె. మీద కోడక్ అని, కింద అజో అని ఉంది. కాంట్రాస్ట్ గ్రేడ్ 2. పెట్టె మీద వేసిన గడువు తేదీ ఎప్పుడో దాటిపోయింది, అయినా బెంగ లేదు. ఫోటో కాగితాల్లో క్లోరైడ్‌ది గట్టి పిండం. సరిగ్గా దాచుకుంటే దశాబ్దాల తర్వాత కడిగినా పొగచూరినట్టు బూడిదరంగు పట్టకుండా తెల్లగానే ఉంటుంది. లోపలి నల్ల కవరు విప్పుతుంటే వాడు పక్కకు వచ్చి తొంగి చూస్తున్నాడు. ఎన్ని మిగిలాయో చూసుకుంటున్నాడు. ఎక్కువ లేవు.

ఫ్రేము బోర్లా పెట్టి, అద్దం మీద నెగటివ్, దాని మీద కాగితం. ఎమల్షన్, అంటే వెండి పూత, ఉన్న వైపులు రెండూ ముఖాముఖి. వెనక చెక్క మూసి స్ప్రింగులు బిగిస్తే "టక్" మని శబ్దం. తిరగేసి బల్బు కింద పెట్టాను. గొలుసు మీరు లాగండి.

వెలుతురు కళ్ళలో పడింది కదూ. ఒక్కసారిగా గది మూలలన్నీ బయటపడ్డాయి, గోడ మీద చెమ్మ మరక కూడా. వాడు పైకే లెక్కపెడుతున్నాడు. ఎనిమిది, తొమ్మిది, పది. ఎన్లార్జింగ్ కాగితం అయితే ఇంత వెలుతురులో కన్ను మూసి తెరిచేలోగా మాడిపోయేది. ఈ కాగితం నిదానస్తురాలు. ఎన్లార్జర్ లెన్స్ గుండా వచ్చే సన్నటి వెలుగు దీనికి ఏ మూలకూ సరిపోదు, అందుకే నెగటివ్‌ను నేరుగా ఒంటికి హత్తుకుని బల్బు కింద కూర్చుంటుంది. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. లాగేయండి.

మళ్ళీ పసుపు వెలుతురు. అమిడాల్ ట్రేలో కాగితాన్ని ఒక్క ఊపులో ముంచుతున్నాడు చూడండి, కాగితం మీద ఎక్కడా గాలి చిక్కుకోకుండా. వంగి చూడండి. ఎన్లార్జింగ్ ప్రింటు కడిగినప్పుడు ముందు ఏమీ ఉండదు, ఆ తర్వాత మెల్లమెల్లగా నీడలు తేలతాయి. ఇక్కడ ఆ నిరీక్షణ లేదు. మూడు, నాలుగు సెకన్లలో రాతిగోడ వచ్చేసింది. దాని వెంటే నది అంచు. పదిహేను సెకన్లకల్లా బొమ్మ మొత్తం ఉంది, మంచు మాత్రం ఇంకా ఖాళీగా తెల్లగా.

"ఇప్పుడు నీళ్ళలోకి," అన్నాను.

పక్క ట్రేలో వట్టి నీళ్ళు. ప్రింటు అందులో పడుకోబెట్టి చెయ్యి తీసేశాడు. ట్రే ఊపకూడదు. ఈ పని చిన్నదే గానీ ఇందులో ఉన్న తెలివి చూడండి. కాగితం పీల్చుకున్న డెవలపర్ నల్లటి నీడలున్న చోట క్షణాల్లో ఖర్చయిపోతుంది, ఇక అక్కడ నలుపు పెరగదు. తెలుపు ఉన్న చోట దానికి చేసేందుకు పని తక్కువ, కాబట్టి ఇంకా మిగిలి ఉంటుంది, మెల్లగా పని చేస్తూనే ఉంటుంది. నీడ ఆగిపోతుంది, మంచు మాత్రం కాస్త కాస్త రూపుకడుతుంది. పలకలు పలకలుగా వేలాడే గడ్డల మీద అంచులు కనిపించడం మొదలుపెట్టాయి. మళ్ళీ డెవలపర్‌లో కొన్ని సెకన్లు, మళ్ళీ నీళ్ళు. గ్రేడ్‌కీ గ్రేడ్‌కీ మధ్య కంపెనీ పెట్టని మెట్లు ఇలా మనమే కట్టుకోవచ్చు.

డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్, తర్వాత బొమ్మను స్థిరపరిచే హైపో. ఇప్పుడు తెల్ల లైటు వేస్తున్నాను.

ముఖం దగ్గరగా పెట్టి చూడండి, ఇంకా దగ్గరగా. రాతిగోడలో పొరల మధ్య నీడ ఉంది చూశారా, ఆ నీడలో ఒక చచ్చిన తీగ ఉంది. తీగ మీద నీటిబొట్టు గడ్డకట్టి ఉంది. అది గుండుసూది తలకాయంత కూడా లేదు, అయినా గుండ్రంగా కనిపిస్తోంది. మంచు పలకల్లో తెలుపు పక్కన తెలుపు, ఆ పక్కన ఇంకో తెలుపు, ఒక్కటీ ఇంకోదానిలో కలిసిపోలేదు. నెగటివ్‌కూ కాగితానికీ మధ్య లెన్స్ లేదు, దూరం లేదు, పెద్దది చెయ్యడం లేదు. నెగటివ్‌లో ఉన్న ప్రతి వెండి కణం తన నీడను తన కిందే వేసింది. పైగా క్లోరైడ్ స్ఫటికాలు చాలా సన్నవి, వెలుగు నుంచి నీడ దాకా చాలా దూరం తొణక్కుండా నడవగలవు. నేను ఇన్నాళ్ళుగా ప్రింట్లు వేస్తున్నాను, ఇంతకన్నా మంచి కాగితం నా చేతికి తగల్లేదు. ఆ మాట మొహమాటం లేకుండా చెబుతాను.

ప్రింటును గంటసేపు నీళ్ళలో కడగాలి. ఈలోగా ఆ స్టూలు లాక్కుని కూర్చోండి.

కోడక్ పుట్టిన ఈ ఊళ్ళో ఈ కాగితం గురించి మాట్లాడుకోవడం సబబే. లియో బేక్‌లండ్ అని బెల్జియం నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త న్యూయార్క్ దగ్గర యాంకర్స్‌లో నెపెరా కెమికల్ కంపెనీ పెట్టి 1893 ప్రాంతంలో వెలాక్స్ అనే క్లోరైడ్ కాగితం తెచ్చాడు. అంతకు ముందు ఎక్కువమంది ప్రింటు వెయ్యడానికి ఎండ కోసం కాచుకునేవాళ్ళు. వెలాక్స్‌కు ఇంట్లో గ్యాసు దీపం చాలు: దీపం పెంచి వెలుగు చూపించు, తగ్గించి కడుగు. 1899లో ఆ కంపెనీని కోడక్ అధిపతి జార్జ్ ఈస్ట్‌మన్ కొనేశాడు. ఆ డబ్బుతో బేక్‌లండ్ తన ప్రయోగశాలలో కూర్చుని 1907లో బేకలైట్ కనిపెట్టాడు. మన ఇళ్ళలో పాతకాలపు నల్ల స్విచ్చులు గుర్తున్నాయా, అదే. ఇక అజో అయితే వందేళ్ళకు పైగా అమ్ముడైంది. అమెరికాలో దొరికే పాత ఫోటో పోస్టుకార్డుల్లో చాలావాటి వెనక స్టాంపు అంటించే గడి చుట్టూ అజో అన్న అక్షరాలు కనిపిస్తాయి. పెళ్ళిళ్ళు, వరదలు, వీధిలో మొదటి కారు, అన్నీ ఈ కాగితం మీదే. ఈ ఊళ్ళోనే 1906లో హలాయిడ్ అనే ఫోటో కాగితం కంపెనీ పుట్టింది. అదే తర్వాత జిరాక్స్ అయింది.

వెండి క్లోరైడ్ మన హైదరాబాదుకూ కొత్తది కాదు. లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాద్ స్టూడియోలో వేసిన ఆల్బుమెన్ ప్రింట్లలో ఉన్నది కూడా ఇదే. కోడిగుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి కాగితానికి పూసి, సిల్వర్ నైట్రేట్ మీద తేల్చి, నెగటివ్ కింద పెట్టి ఎండలో ఉంచేవాళ్ళు. బొమ్మ ఎండలోనే తేలేది. మనం డెవలపర్‌తో తేలుస్తున్నాం, తేడా అంతే.

మా మేనల్లుడి తాతగారికి తెనాలిలో స్టూడియో ఉండేది. అక్కడ కాంటాక్ట్ ప్రింటింగ్ పెట్టె ఉండేదని వీడు చిన్నప్పుడు చూసిన గుర్తు చెబుతుంటాడు. చెక్కపెట్టెలో ఒక ఎర్రబల్బు, నాలుగు తెల్లబల్బులు, పైన గాజు. మూత నొక్కితే తెల్లవి వెలిగేవి. నెగటివ్ ఎంత ఉంటే ఫోటో అంత, అంచులు వంకర్లు వంకర్లుగా కత్తిరించి ఇచ్చేవాళ్ళు. 1967 నుంచి ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు బ్రాండు ఫోటో సరుకు తయారయ్యేది. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు, ఆ స్టూడియో కూడా లేదు.

కోడక్ 2005లో నలుపు తెలుపు కాగితాల తయారీ మొత్తంగా ఆపేసింది, అజో కూడా పోయింది. 2007లో ఇక్కడి ఫ్యాక్టరీ ప్రాంగణం కోడక్ పార్కులో పెద్ద పెద్ద భవనాలను పేలుడు పెట్టి కూల్చారు. ఎవరినీ తిట్టి ప్రయోజనం లేదు. ఫ్యాక్టరీలో కోటింగ్ యంత్రం ఒకసారి కదిలిందంటే కిలోమీటర్ల కొద్దీ కాగితం పూతపడి బయటికి వస్తుంది. పెద్ద కెమెరా మోసుకుని తిరిగి, నెగటివ్ ఎంతో ప్రింటూ అంతే చాలనుకునే వాళ్ళు ప్రపంచం మొత్తం మీద ఎంతమంది? ఆ యంత్రానికి ఒక పూట మేత కూడా కారు.

పెన్సిల్వేనియాలో మైకేల్ ఎ. స్మిత్, పాలా ఛామ్లీ అని ఫోటోగ్రాఫర్ దంపతులు ఉండేవారు. అజో, అమిడాల్ పద్ధతిని ఊరూరా నేర్పిన వాళ్ళు. కోడక్ ఆపేశాక చేతులు కట్టుకు కూర్చోకుండా లోడిమా పేరుతో సొంతంగా క్లోరైడ్ కాగితం పూత వేయించారు. ఇద్దరు కళాకారులు ఒక కాగితాన్ని బతికించడానికి అంత తెగించారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. స్మిత్ 2018లో పోయారు. జర్మనీలో బెర్లిన్‌కు దగ్గర్లో బాట్ జారో అనే ఊళ్ళో అడాక్స్ సంస్థ పాత ఆగ్ఫా చిన్న కోటింగ్ యంత్రాన్ని తెచ్చుకుని నిలబెట్టింది. ఒకప్పటి ఆగ్ఫా పేరే పెట్టి లుపెక్స్ అని క్లోరైడ్ కాగితం తెచ్చింది. దొరికినప్పుడు కొనండి. ధర చూసి గుండె చిక్కబట్టుకోవాల్సి వచ్చినా కొనండి, తర్వాతి పూతకు మనమిచ్చే అడ్వాన్సు అనుకోండి. కానీ ఒక్క యంత్రం, నలుగురు మనుషుల మీద ఒక ప్రక్రియ మొత్తం ఆధారపడి ఉంటే నాకు నిద్ర పట్టదు. అందుకే మిమ్మల్ని ఈ చలిమూలకు పిలిచాను.

లేవండి. అసలు పని ఇప్పుడు.

తూనిక దగ్గరకు రండి. ఈ డబ్బాలో ఉన్నది ఉప్పు. ఊరగాయల కోసం అమ్మే ఉప్పు, అయొడిన్ కలపనిది. మన ఇళ్ళలో అయొడిన్ ఉప్పే ఎక్కువ, అది పనికిరాదు, అయొడిన్ చేరితే ఎమల్షన్ గుణం మారిపోతుంది. 4 గ్రాములు. ఈ బీకర్‌లో 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, అందులో 8 గ్రాముల జెలటిన్ ఉబ్బి కరిగి ఉంది. వేడినీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టాం, థర్మామీటర్ 45 డిగ్రీలు చూపిస్తోంది. ఉప్పు వేసి కలిపాడు, చిటికెడు సిట్రిక్ యాసిడ్ కూడా. ఇంతవరకూ వంటింటి సరుకే.

రెండో బీకర్ దగ్గర మాత్రం చేతులు వెనక్కి పెట్టుకోండి. సిల్వర్ నైట్రేట్, 10 గ్రాములు, 50 మిల్లీలీటర్ల నీళ్ళలో. ఆ పదిలో ఆరు గ్రాములకు పైగా అసలు వెండే. చర్మం మీద పడితే రేపటికి నల్లమచ్చ, కంట్లో పడితే కన్నే పోవచ్చు. అందుకే కళ్ళజోళ్ళు. లెక్కకైతే ఇంత వెండికి మూడున్నర గ్రాముల ఉప్పు సరిపోతుంది. మేం కాస్త ఎక్కువ వేశాం. వెండి కొద్దిగా మిగిలిపోయినా కాగితం మొత్తం పొగ పడుతుంది, ఉప్పు మిగిలితే నష్టం లేదు.

తెల్ల లైటు ఆర్పేశాను. మళ్ళీ పసుపు దీపమే. మా వాడు సిరంజిలోకి వెండి ద్రావణం పీల్చుకున్నాడు. నేను గాజుకడ్డీతో కలుపుతూనే ఉంటాను, వాడు బొట్టు బొట్టుగా వదులుతాడు. చూడండి, మొదటి బొట్టు పడ్డ చోట తెల్లటి తీగ ఒకటి సుడి తిరిగి మాయమైంది. రెండోది. మూడోది. తేనెరంగు జెలటిన్ మెల్లగా మబ్బు పడుతోంది. సగం సిరంజి అయ్యేసరికి బీకర్ అవతల నా వేళ్ళు కనిపించడం మానేశాయి. ఉప్పులో క్లోరిన్ వెండిని పట్టుకుంది. పుట్టిన సిల్వర్ క్లోరైడ్ నీళ్ళలో కరగదు, కిందికి దిగిపోదామంటే జెలటిన్ ఒక్కో స్ఫటికాన్నీ విడివిడిగా పట్టి తేలుస్తోంది. 1830లలో ఇంగ్లండ్‌లో ఫోటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన టాల్బట్ రాతకాగితం మీద చేసింది ఇదే జత: ఉప్పు, వెండి.

"ఎంత తొందరగా వదిలితే స్ఫటికాలు అంత చిన్నవా, మావయ్యా?"

"చాలావరకు అంతే. నెమ్మదిగా వదిలితే పుట్టినవి పెరుగుతాయి, వేడి ఎక్కువైనా పెరుగుతాయి. అందుకే వదిలిన సమయం, వేడి రెండూ రాయి. వచ్చేసారి ఇదే కావాలంటే నోటుపుస్తకం చెప్పాలి, మన జ్ఞాపకం కాదు."

ఈ విద్య పుస్తకాల్లో లేదని కాదు. కోడక్‌లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన రాన్ మౌరీ ఇక్కడి ఈస్ట్‌మన్ మ్యూజియంలో ఎమల్షన్ తయారీ నేర్పారు, దాని మీద పుస్తకం రాశారు. కంపెనీల్లో తాళం వేసి దాచుకున్న పని అది. ఆయన ఇప్పుడు లేరు, ఆయన నేర్పింది చాలా వంటిళ్ళలో, బేస్‌మెంట్లలో నడుస్తోంది. ఓరెగాన్‌లో డెనీస్ రాస్ ఇంట్లో చేసుకునే ఎమల్షన్లను ఓపికగా పరీక్షించి, కొలతలతో సహా అందరి ముందూ పెట్టారు. వేగంగా పనిచేసే ఫిల్ము చెయ్యాలంటే సల్ఫర్, బంగారం, రంగులకు స్పందించే డైలు, ఇంకా పెద్ద యాగం ఉంది. క్లోరైడ్ కాగితానికి అవేవీ అక్కర్లేదు. దాని నిదానమే దాన్ని కాపాడుతోంది. డెవలపర్‌తో తేల్చే వెండి కాగితాల్లో ఒక మనిషి ఒక సాయంత్రం తన చేతులతో చేసుకోగలిగింది ఏదైనా ఉందంటే ఇదే. దీనికి భవిష్యత్తు ఉందా అని నన్నడిగే వాళ్ళకు నేను ఈ బీకర్‌నే చూపిస్తాను.

కాసేపు అదే వేడిలో ఉంచి, చివర్లో కొంచెం ఆల్కహాలు, పూత గట్టిపడటానికి కొన్ని చుక్కల క్రోమ్ ఆలం. ఫిల్ము ఎమల్షన్ అయితే ముద్దగా గడ్డకట్టించి, తురిమి, కడిగి మిగిలిన లవణాలను తియ్యాలి. కాగితానికి ఆ పని దండగ, ప్రింటు కడిగేటప్పుడు అవే పోతాయి.

పూత వేసే బల్ల ఇది, నున్నటి గ్రానైట్ పలక. లెవెల్ చూశాం. పక్క గోడలోంచి వచ్చే చలికి ఎంత చల్లగా ఉందో అరచెయ్యి ఆనించి చూడండి. తడిపి పరిచిన కాగితం బెరైటా, అంటే బేరియం సల్ఫేట్ తెల్లపూత ముందే వేసి ఉన్నది. నాకు దిగులున్నది దీని గురించే. ఎమల్షన్ మనం చేసుకోగలం, ఇలాంటి బెరైటా కాగితం ఇంట్లో చెయ్యడం మహా కష్టం, అది చేసే మిల్లులు తగ్గిపోతున్నాయి. అది దొరకని నాడు నున్నటి నూలు వాటర్‌కలర్ కాగితం మీద పూస్తాం. నిగనిగలాడే నలుపు రాదు, మెరుపు లేకుండా ఉంటుంది, అదీ ఒక అందమే.

గోరువెచ్చటి ఎమల్షన్ కాగితం తలవైపు ఒక గీతలా పోశాడు. గాజుకడ్డీని దాని మీద ఆనించి, ఒకే ఒత్తిడితో కిందికి లాగాలి. ఆగకూడదు. ఆగితే ఆ చోట గీత నిలిచిపోతుంది. లాగాడు. ఊపిరి బిగబట్టాడు, మీరు కూడా. కింద అంచు దాటాక ఎక్కువైంది ట్రేలోకి జారింది. పక్క నుంచి వంగి చూస్తే పూత మీద సేఫ్‌లైట్ ఒకే ముక్కగా మెరుస్తోంది. ఎడమ మూలన ఒక బుడగ. సూదితో ముట్టుకుంటే పోయింది. ఇప్పుడు చలి పని మొదలైంది: రెండు నిమిషాల్లో మెరుపు కాస్త తగ్గింది, అంచును వేలితో తాకితే అంటుకోవడం లేదు. జెలటిన్ పట్టేసింది. ఎత్తి తీగకు క్లిప్పులతో వేలాడదీస్తాం, రేపటికి ఆరుతుంది.

నిన్న పూసి ఆరబెట్టినవి ఆ పెట్టెలో ఉన్నాయి. ఒకటి తీసి అదే నెగటివ్ కింద పెడుతున్నాడు. ఈ బ్యాచ్ అజో కన్నా నెమ్మది, దాదాపు రెట్టింపు సమయం. బల్బు వెలిగింది, ఆరింది. అమిడాల్‌లోకి. బొమ్మ అంతే చురుగ్గా లేచింది. హైపో అయ్యాక లైటు వేసి రెండు ప్రింట్లూ పక్కపక్కన గాజు మీద పరిచాను. నిజం చెప్పుకోవాలి: అజో నలుపు ఇంకా లోతు. మన దాంట్లో నీడలు ఒక మెట్టు పైనే ఆగాయి, ఎగువ అంచున పూత పలచనైన చోట సన్నటి పట్టీ ఉంది. కానీ మంచు చూడండి. తెలుపు పక్కన తెలుపు, ఆ వరస చెక్కుచెదరలేదు. రంగు కాస్త వెచ్చన, కోడక్ వాళ్ళది నీలి నలుపు వైపు. వెండి కొంచెం పెంచి, పూత కాస్త దళసరిగా వేస్తే ఆ మెట్టు కూడా దిగొచ్చు.

ఇంకొకటి చూపించాలని వాడి చేతులు ఆగడం లేదు. పారదర్శకమైన షీటు మీద ఇంక్‌జెట్ ప్రింటర్‌తో అచ్చేసిన నెగటివ్. ఫోన్‌తో తీసిన ఫోటో, కంప్యూటర్‌లో తిరగేసి, ఈ కాగితం నడకకు తగ్గట్టు టోన్ల వంపు (కర్వ్) దిద్ది తీశాడు. పెద్ద కెమెరా లేనివాళ్ళకు ఇదే దారి. ఇంగ్లండ్‌లో ఇల్‌ఫర్డ్ వాళ్ళు ఏడాదికోసారి ఆర్డర్లు తీసుకుని పెద్ద సైజు షీటు ఫిల్ములు కోసి ఇస్తున్నారు, ఆ మేలు మరువకూడదు. అయినా ఎనిమిది-పది కెమెరా ఎంతమంది కొనగలరు? ఫోను అందరి దగ్గరా ఉంది. నెగటివ్ ఎంత పెద్దగా అచ్చేస్తే ప్రింటు అంత. ఫిల్ము నెగటివ్‌లోని ఆ గడ్డకట్టిన బొట్టు దీంట్లో రాదు, దగ్గరికి వెళితే ఇంకు చుక్కలు తెలుస్తాయి, ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఈ కాగితం నేర్చుకునేవాడు మొదలుపెట్టడానికి ఒక నెగటివ్ కావాలి, అది ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉంది.

"మావయ్యా, ఇది తెనాలిలో అవుతుందంటావా? తాతయ్య కాంటాక్ట్ పెట్టె అటక మీదే ఉందంది అమ్మ."

"పెట్టె ఉంటే బల్బులు మార్చి వాడుకోవచ్చు. చిక్కల్లా పూత దగ్గరే. మే నెలలో మొదలుపెట్టావంటే జెలటిన్ అసలు గడ్డకట్టదు, కారిపోతుంది."

"డిసెంబర్లో వెళ్తా. తెల్లవారుజామున."

"అప్పుడు కూడా బల్ల చల్లగా ఉండాలి. కడప బండ ఒకటి నున్నగా పాలిష్ పట్టించు. కింద ట్రేలో ఐసు పెట్టి, దాని మీద బండ పెట్టి, గంట ఆగి ఎమల్షన్ పొయ్యి. బండ మీద చెమ్మ పడుతుంది, కాగితం పరిచేముందు తుడిచెయ్యాలి. ఏసీ గది ఉంటే ఆరబెట్టడం అందులో. ఉప్పు మాత్రం కొట్లో ప్యాకెట్టు తేకు, కెమికల్ షాపులో సోడియం క్లోరైడ్ అని అడిగి తీసుకో. క్రోమ్ ఆలం కొంచెం ఎక్కువ పడుతుంది, అక్కడి వేడికి."

"ఎంత ఎక్కువ?"

"అది అక్కడ మూడు బ్యాచ్‌లు పోసి చూసి నువ్వే నాకు రాయాలి. పుస్తకం ఇటివ్వు, ఇవాళ్టి కొలతలు నీకు రాసిస్తాను."